శ్రీశైలం నడకదారిలో చెత్త ఏరాలంటే ఎట్ల?

అన్నా, ఈసారి శివరాత్రికి కర్నూలు నుంచి నలుగురం ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి మీదుగా నడిచిపోదామనుకుంటున్నాం. పోయినేడు పోతే దారి పొడుగునా నీళ్ల ప్యాకెట్లే, చూడలేక ఈసారి ఏరుకుంటూ పోదామని. సంచి ఎంతది తీసుకోవాల, నిండితే యాడ పడేయాల?

జవాబు 1: మంచి పని తమ్ముడూ. గోనెసంచి వద్దు, బరువు. యూరియా బస్తా కడిగి భుజానికి తాడు కట్టుకో. బాటిల్ ఏరేముందు నీళ్లు వంపి, కాలితో తొక్కి మూత పెట్టు, లేకపోతే పెద్దచెరువు రాకముందే బస్తా నిండిపోతాది.

జవాబు 2: నేను రెండేళ్లు ఏరినా. బాటిళ్లు సులువే, ప్యాకెట్ పంటితో కొరికి ఊసేస్తారు సూడు ఆ మూలముక్క, అది ఎండుటాకుల్లో కలిసిపోతాది, వంగి వంగి నడుం పోతాది. భీమునికొలను మెట్ల కాడ మోకాళ్లే పలకవు, ఆడ ఏరుదామని ఆశ పెట్టుకోవద్దు. పులిహోర అంటిన కవర్లు మాత్రం వదలొద్దు, ఉప్పు వాసనకి దుప్పులు నమిలేస్తాయి.

జవాబు 3: అడవిలో యాడా కుప్ప పోయొద్దు, కాల్చొద్దు, అది పులుల అభయారణ్యం, పైగా ఎండాకు. కైలాసద్వారం దాకా మోస్తే ఆడికి రోడ్డుంది. ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై నుంచి బ్యానే, అయినా పంచుతానే ఉంటారు, స్టీల్ గ్లాసు నడుముకి కట్టుకోండి.

అడిగినాయన: సరే అన్నా, బస్తాలు మా మామ ఇస్తానన్నాడు. చేతికి గ్లౌజులు కావాల్నా?

జవాబు 2: కావాల. ఆకుల కింద తేళ్లుంటాయి.