తెర వెనక వేలాడిన పిల్ల: భక్తురాళ్ళ కథలకూ గోథిక్ నవలలకూ చుట్టరికం ఉన్నదా?

ప్రశ్న: హన్మకొండ నుంచి

డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్తాను. ఈసారి గోథిక్ నవలలు, అంటే పాత కోటలు, చీకటి, భయం నిండిన కథలు, సిలబస్‌ల ఉన్నయి. 1764ల వచ్చిన హొరేస్ వాల్‌పోల్ నవల ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’తోనే ఆ బాట మొదలైందంటరు. అందుల ఇసబెల్లా, బలవంతంగ పెండ్లి చేసుకుంటనన్న మాన్‌ఫ్రెడ్‌కు దొరకకుండ కోట కింది సొరంగంలకు ఉరుకుతది. చేతిల దీపం గాలికి ఆరిపోతది.

అది చెప్తుంటే 12వ శతాబ్దపు ఇంగ్లండ్ సన్యాసిని క్రిస్టీనా యాదికొచ్చింది. పెండ్లొద్దు, దేవునికి మాటిచ్చిన అన్నది. తల్లిదండ్రులు వినలే. ఓ రాత్రి పెండ్లికొడుకు మందిని ఏసుకొని గదిలకు చొరబడితే, ఆమె గోడకూ తెరకూ నడుమ మేకు పట్టుకొని వేలాడింది. వెతికేటోళ్ళల ఒకడు ఆమె కాలు పట్టుకున్నడు కూడ. తెరబట్ట అడ్డమున్నదని పోల్చుకోలేక ఇడిచిపెట్టిండు. ఆ వాక్యం కాడ నా కాళ్ళు నేనే కుర్చీ కిందికి గుంజుకున్న. తర్వాత నాలుగేండ్లు ఓ ముని గుడిసె పక్క ఇరుకు సందుల దాక్కున్నది.

భయం కథలకు ఇవే తల్లివేర్లా? మన దిక్కు ఇసుంటియి ఉన్నయా?

జవాబు: పాలకుర్తి దిక్కు నుంచి

మేడం, మా సోమనాథుడు రాసిన బసవ పురాణంల గొడగూచి అనే పిల్ల కథ ఉన్నది. శివునికి పాలు తాగియ్యమని తండ్రి చెప్పి ఊరికి పోతడు. శివుడు తాగకపోతే పిల్ల ఏడ్చి, తల పగలగొట్టుకుంటనంటది. అప్పుడు తాగుతడు. తండ్రి వచ్చి నమ్మడు, నువ్వే తాగినవని కొట్టవోతడు. పిల్ల లింగాన్ని కావలించుకొని అందుల్నే కలిసిపోతది.

మా నానమ్మ నాకు పాలు తాగిపిచ్చుకుంట ఈ కథ చెప్పేది. ‘గిన్నె జూసిండు గని బిడ్డ మొఖం జూడలే’ అని తండ్రిని తిట్టేది. నేను గిన్నె ఖాళీ చేసినంక కూడ ఆ లింగం దిక్కే ఆలోచన ఉండేది, నిద్ర పట్టకపోయేది.

జవాబు: కరీంనగర్ నుంచి, రిటైర్డ్ లెక్చరర్‌ని

అమ్మా, తల్లివేరు అనకండి. క్రిస్టీనా చరిత్ర అచ్చులో అందరికీ అందింది 1959లో. వాల్‌పోల్ దాన్ని చూసి రాసే వీలు లేదు. పైగా ఇంగ్లిష్ గోథిక్ రచయితలకు కేథలిక్ మఠమంటేనే అనుమానం. భక్తురాలికి ఆశ్రయమైన గదిని వాళ్ళు చెరసాల చేశారు.

నాకైతే తమిళ శివభక్తురాలు కారైక్కాల్ అమ్మయార్ దగ్గర ఆగాలనిపిస్తుంది. భర్త పంపిన రెండు మామిడిపళ్ళలో ఒకటి శివభక్తుడికి పెట్టింది. భర్త రెండోది అడిగితే శివుణ్ణి వేడుకుంది, పండు చేతిలోకి వచ్చింది. ఆయన నమ్మక ఇంకొకటి తెప్పించమన్నాడు. అదీ వచ్చి మాయమైంది. భయపడి ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఆమె తన అందాన్ని వదిలి పేయి (దయ్యం) రూపం కోరుకుంది. మనకు దయ్యమే భయం, అక్కడ దయ్యమే భక్తురాలు.

ప్రశ్న అడిగినామె

సార్, 1959 మాట విన్నంక తల్లివేరు అన్నమాట ఎనక్కి తీసుకుంటున్న. కని మీ ఇద్దరి కథలల్ల నాకు ఒకటే కనవడ్డది: పిల్ల నిజం చెప్తది, ఇంట్లోళ్ళు నమ్మరు. గొడగూచికి శివుడే సాక్ష్యం. ఇసబెల్లాకు ఉన్న దీపం కూడ ఆరిపాయె. గోథిక్ భయమంతా ఆ సాక్ష్యం లేకపోవుడే అనిపిస్తంది.

పాలకుర్తి అన్నా, గురువారం క్లాసుల గొడగూచి ద్విపద గట్టిగ చదివి వినిపిస్త. తండ్రి తిరిగొచ్చే కాడి పుట ఫొటో తీసి పెట్టగలరా?