64 ఎలిమెంట్ల క్రమం లేని యాంటెన్నా అర్రే: 2 గిగాహెర్ట్జ్ దగ్గర మ్యాచింగ్ దెబ్బతింటోంది, ఏం చేయాలి?

నమస్కారమండీ. నా పీహెచ్‌డీ కోసం 2 నుంచి 6 గిగాహెర్ట్జ్ వరకు పనిచేసే ప్లానార్ అర్రే (ఒకే సమతలంలో పేర్చిన చిన్న యాంటెన్నాల గుంపు; ఒక్కో యాంటెన్నా ఒక ఎలిమెంట్) డిజైన్ చేస్తున్నాను. బీమ్‌ను 45 డిగ్రీల దాకా తిప్పాలి.

6 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 50 మి.మీ. గళ్ల అమరికలో గ్రేటింగ్ లోబ్ (అనవసర దిశలో వచ్చే, అసలు బీమ్ అంత బలమైన నకలు బీమ్) రాకూడదంటే ఎలిమెంట్ల మధ్య దూరం సుమారు 29 మి.మీ. మించకూడదు. నా స్పైరల్ ఎలిమెంటే 40 మి.మీ. ఉంది! అందుకే పొద్దుతిరుగుడు గింజల వరసలా, ఒక్కో ఎలిమెంటును 137.5 డిగ్రీలు తిప్పుతూ పేర్చాను. గ్రేటింగ్ లోబ్‌లు పోయాయి. సగటు సైడ్‌లోబ్ (అసలు బీమ్ పక్కన లీకయ్యే బలహీన బీమ్) కూడా 64 ఎలిమెంట్లకు అనుకున్నట్టే మైనస్ 18 డీబీ దగ్గరే ఉంది.

అసలు టెన్షన్ మ్యూచువల్ కప్లింగ్‌తోనే, అంటే ఎలిమెంట్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేయడంతోనే. ప్రతి ఎలిమెంటుకూ ఇరుగుపొరుగు వేరు కాబట్టి యూనిట్ సెల్ సిమ్యులేషన్ (ఒక్క ఎలిమెంటును లెక్కించి అదే అన్నిచోట్లా ఉందనుకోవడం) పనికిరాదు. 2 గిగాహెర్ట్జ్ దగ్గర కొన్నింటి వీఎస్‌డబ్ల్యూఆర్ (మ్యాచింగ్ ఎంత బాగుందో చెప్పే కొలత; 1 అయితే సిగ్నల్ ఏమీ వెనక్కి రాదు) 3 దాటుతోంది. మొత్తం అర్రేను ఫుల్‌వేవ్‌లో (విద్యుదయస్కాంత సమీకరణాలను పూర్తిగా సాధించే సిమ్యులేషన్‌లో) నడిపితే మెమరీ చాలడం లేదు.

ఆస్ట్రేలియాలోని ఎస్‌కేఏ-లో (SKA-Low అనే రేడియో టెలిస్కోప్) స్టేషన్లలో 256 యాంటెన్నాలు ఇలాగే చెదిరి ఉంటాయి కదా. అలాంటి అర్రేలపై పనిచేసినవాళ్లు చెప్పండి: ఎనిమిదేసి ఎలిమెంట్ల ఒకే సబ్‌అర్రేను తిప్పి తిప్పి వాడితే లెక్క తగ్గుతుందా? లేక ఆ పునరావృతం వల్ల సైడ్‌లోబ్‌లు మళ్లీ లేస్తాయా? మీ అనుభవం దయచేసి రాయండి.