బడిలో తాగే నీళ్లు: క్యాన్లు తెప్పించాలా, నల్లా నీళ్లే చాలా?

బత్తాయితోట:
మాది నల్గొండ జిల్లా మునుగోడు వైపు ఊరు, బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉండే చోటు. మా ఉన్నత పాఠశాలలో 112 మంది పిల్లలు. పోయిన నెల ఒకే వారంలో ఆరుగురికి వాంతులు, విరేచనాలు. ఇదీ ఆ ఫ్లోరైడు వల్లేనని నా అనుమానం. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో నేను లేచి ఒక మాట చెప్పాను: ఒక్కొక్కరికి నెలకు 30 రూపాయలు వేసుకుని ఫిల్టరు నీళ్ల క్యాన్లు తెప్పిద్దాం. సగం మంది సరేనన్నారు. మిగతావాళ్లు నల్లా నీళ్లు వస్తుండగా ఈ ఖర్చెందుకన్నారు. మీ ఊళ్లలో ఏం చేస్తున్నారు?

మూసీఒడ్డు:
ఇంటి నుంచి సీసా పంపండి. ఖర్చూ లేదు, చర్చా లేదు.

పాత సైన్సు సార్:
బత్తాయితోట గారూ, మీరు రెండు వేర్వేరు జబ్బులను ఒకే గంపలో వేస్తున్నారు. ఫ్లోరైడు వల్ల వాంతులు ఒక వారంలో వచ్చి పోవు. అది ఏళ్ల తరబడి పళ్లలో, ఎముకల్లో చేరుతుంది. ఆరుగురికి ఒకేసారి విరేచనాలయ్యాయంటే నీళ్లలోనో తిండిలోనో క్రిములు ఉన్నాయని అనుమానించాలి. ఫ్లోరైడు బోరు నీళ్లలో ఉంటుంది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ కింద వచ్చేవి శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన కృష్ణా నీళ్లు. అవి బడి ట్యాంకులోకి వచ్చాక పాడవచ్చు. మూత ఉందా? ఎప్పుడు కడిగారు? నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, పరీక్ష మందు రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. రాకపోతే ట్యాంకు సంగతి చూసుకోవాలి. ఇక మీ క్యాన్లో క్లోరినే ఉండదు. కడగని క్యాన్లో క్రిములు హాయిగా పెరుగుతాయి.

బత్తాయితోట:
సార్, పాఠం బాగుంది. మా నాన్న ఆ ఫ్లోరైడు నీళ్లతోనే నడుము వంగి, తల ఎత్తి ఆకాశం చూడలేక పోయాడు. ఆయన చిన్నప్పుడు కూడా ఎవరో వచ్చి పరీక్షకని సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే పెట్టుకుంది. పేరు మాకు మిగిలింది, నడుములు మాత్రం నిలబడలేదు. అందుకే ఎవరైనా నీళ్లు బాగున్నాయని చెబితే నాకు నమ్మకం కుదరదు. పైగా ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదని అంటారు. ఎవరికి ఫరవాలేదు?

పాత సైన్సు సార్:
1.5 అని నేనెక్కడ అన్నాను? మన దేశ ప్రమాణం ప్రకారం ఉండవలసింది లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు దొరకనప్పుడు మాత్రమే 1.5 దాకా సహించవచ్చు. రెండూ ఒకటి కావు.

బత్తాయితోట:
అంటే 1.5 ఉందన్నమాట. ఇంతసేపూ లేదన్నారు.

పాత సైన్సు సార్:
లేదని అనలేదు! నేను అననిదాన్ని నా నోట్లో పెట్టకండి. నేను ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పనిచేశాను. గార పళ్ల పిల్లలు ఫోటో తీస్తుంటే నోరు మూసుకుని నవ్వేవారు. మీ నాన్నగారి బాధ నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు.

చల్లనినీళ్లు:
నేను క్యాన్ల నీళ్ల ప్లాంటు నడుపుతాను. క్యాన్లను ఊరికే ఆడిపోసుకోవద్దు. మా మిషను ఫ్లోరైడును తీసేస్తుంది.

పాత సైన్సు సార్:
మీ ప్లాంటుకు నీళ్లు ఎక్కడివి? బోరువే కదా? నీళ్లను వడకట్టే లోపలి పొర మార్చి ఎంతకాలమైంది?

చల్లనినీళ్లు:
మార్చాలనే అనుకుంటున్నాం. ఎండాకాలం గిరాకీ అయ్యాక.

మూసీఒడ్డు:
అదీ సంగతి.

డిండివాగు:
మేం ఇంట్లో కాచి పంపుతాం. అన్నీ పోతాయి.

పాత సైన్సు సార్:
క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది.

తంగేడుపువ్వు:
నిన్నటి నుంచి చదువుతున్నాను. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. రోజూ నిండు సీసా తీసుకెళ్లి నిండు సీసాతోనే తిరిగి వస్తుంది. మీరు క్యాన్ పోయండి, కృష్ణా పోయండి, అది తాగదు. తాగితే మూత్రానికి వెళ్లాలి. తలుపుకు గడియ లేదు, లోపల నీళ్లు లేవు. గురువారం జ్వరం, మంట. పరీక్షలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. రోజుకు ఎన్నిసార్లు వెళ్తావని డాక్టరమ్మ అడిగితే, బడికెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అని చెప్పింది.

బత్తాయితోట:
బాధగానే ఉంది అక్కా. కానీ ఇది తాగునీటి చర్చ. మరుగుదొడ్ల గురించి వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుంది.

తంగేడుపువ్వు:
వేరే చర్చా? నువ్వు రాసిన ఆ సమావేశంలో నేను కూడా ఉన్నాను తమ్ముడూ, వెనక వరుసలో. గడియ మాట ఎత్తితే "తర్వాత చూద్దాం" అన్నది నువ్వే. మీ అబ్బాయి గోడ వెనక్కి వెళ్లి వస్తాడు, కాబట్టి నీకు బడిలో సమస్య అంటే నీళ్లు ఒక్కటే. నీళ్లు లోపలికి వెళ్లడం గురించి ఇంత మాట్లాడుతున్నారు. బయటికి వచ్చే చోటు గురించి ఒక్కరైనా అడిగారా? దొడ్డికి వెళ్లాక చేతికి సబ్బు లేకపోతే ఆ ఆరుగురికి వచ్చిన జబ్బు ఏ క్యాన్ ఆపుతుంది?

బత్తాయితోట:
ఆ రోజు అప్పటికే రెండు గంటలైంది, అందుకన్నాను. నా ఉద్దేశం అది కాదు.

మూసీఒడ్డు:
అక్క అడిగినదానికి జవాబు చెప్పండి ముందు.

పాత సైన్సు సార్:
నేను చెబుతాను. 2019లో కేరళ బళ్లలో పిల్లలు నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టారని చదివి, మా బడిలో కూడా కొట్టించాను. అబ్బాయిలు పరుగెత్తేవారు, అమ్మాయిలు సీసా పెదవులకు ఆనించి దించేవారు. వాళ్లకు శ్రద్ధ లేదని ప్రార్థనలో రెండుసార్లు కోప్పడ్డాను. మా సిబ్బంది మరుగుదొడ్డి శుభ్రంగానే ఉండేది. దాని తాళంచెవి నా బల్ల సొరుగులో ఉండేది.

తంగేడుపువ్వు:
...

డిండివాగు:
సార్ ఒప్పుకున్నారు, అదే పెద్ద విషయం.

బత్తాయితోట:
నెలకు 112 మందికి 3,360 రూపాయలవుతుంది. అందులో ఊడ్చి కడిగే మనిషికి ఎంతిస్తాం, సబ్బులకు ఎంత, లెక్క వేస్తాను. క్యాన్ల మాట మాత్రం వదలను. ముందు బడి నల్లా నీళ్లు, ప్లాంటు నీళ్లు రెండూ పరీక్షకు పంపిస్తాను. ఫ్లోరైడు 1 దాటితే నల్లా నీళ్లు పిల్లలకు పట్టనివ్వను.

పాత సైన్సు సార్:
పంపండి. క్లోరిన్ కూడా చూడమనండి. అది అక్కడికక్కడే, నల్లా దగ్గరే చూడాలి, సీసాలో మోసుకెళ్తే తగ్గిపోతుంది.

తంగేడుపువ్వు:
ఫలితం వచ్చేదాకా గడియ ఆగదు. అరవై రూపాయలు పెట్టి నేనే కొన్నాను. సోమవారం పొద్దున ఎవరి దగ్గరైనా డ్రిల్లు మిషను ఉంటే బడికి తీసుకురండి.

బత్తాయితోట:
మా ఇంట్లో ఉంది. ఎనిమిదింటికి వస్తాను.