భేరివీధా, బేరివీధా? ఒత్తు ఉండాలా, వద్దా?

కొర్లగుంట కోడలు: మొన్న చీరకు ఫాల్ కుట్టించేదానికి మన తిరుపతి పాత ఊళ్ళోకి పోయినాను. ఒకే వీధిలో ఒక బోర్డు మీద 'భేరివీధి', రెండంగళ్ళు దాటితే 'బేరివీధి'. మా పాప స్కూల్లో వీధి పేరు వెనక కథ రాసుకు రమ్మన్నారంట. ఏది కరెక్టు?

పాత తిరపతి: ఒత్తే కరెక్టమ్మా. భేరి అంటే నగారా. రామానుజులు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి ఊరు కట్టించిన రోజని 2022లో తిరుపతికి పుట్టినరోజు కూడా చేసిరి కదా! గుడి చుట్టూ పుట్టిన ఊరు, మేళతాళాలు లేకుండా ఉంటుందా? దానికి తోడు గంగమ్మ జాతర. అవిలాల నుంచి సారె వస్తుంది, అర్ధరాత్రి చాటింపు వేస్తారు, ఆ తర్వాత పొలిమేర దాటకూడదు. అంత మోత మోగే ఊళ్ళో ఒక వీధికి భేరి పేరు రావడంలో వింతేముంది?

తీర్థకట్ట మనవడు: అన్నా, స్వామి ఊరేగేది మాడవీధుల్లో. ఇంక జాతర సంగతి. బైరాగి వేషం నుంచి మాతంగి వేషం దాకా అన్నేళ్ళుగా చూస్తున్నావే, ఎవరి నోటైనా 'భేరి' అనే మాట విన్నావా? మనం పలక అంటాం, పంబ అంటాం. భేరి పుస్తకంలో మాట. మోత వల్లే పేరొస్తే అది పలకల వీధి అయ్యుండాలి.

బేరి శెట్లని వ్యాపారస్తులు ఉండారు, మద్రాసు, కంచి వైపు ఎక్కువ. 1707 ప్రాంతంలో మద్రాసులో ఏ వీధిలో ఎవరి పెళ్ళి ఊరేగింపు పోవాలని వీళ్ళకీ కోమట్లకీ గొడవొచ్చి, గవర్నరు థామస్ పిట్ దాకా పోయింది. మనకు బేరం, బేరగాడు అనే మాటలు ఎట్లానూ ఉండాయి. పక్కన బండ్ల వీధి చూడు. బతుకుతెరువును బట్టి పేరు పెట్టడం మన ఊరికి కొత్తేం కాదు.

పాత తిరపతి: మద్రాసు గొడవ తెచ్చి ఇక్కడ అతికిస్తే ఎట్లబ్బా? మా తాత కాలం దస్తావేజులో చెక్కుబందీ, అదే హద్దులు రాసే చోట, ఏముందో చూసి చెప్తా.

పాత తిరపతి: చూసినా. 'బేరి వీది' అని ఉంది. 'ధ'కీ ఒత్తు లేదు. అదే కాయితంలో 'అర్దరూపాయి' అని కూడా ఉంది. ఆ రాసినాయనకు ఒత్తులే రావు, దాన్ని సాక్ష్యంగా తేవద్దు.

పడమటి మాడ: నవ్వుకోవాల్సిందే గానీ, ఆయన చెప్పింది నిజం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మనం ఉత్తర ఆర్కాటు కిందే. తమిళంలో ప, బ, భ అన్నిటికీ ఒకే అక్షరం. ఇంగ్లీషులో ఎవరి స్పెల్లింగు వాళ్ళది. రాతను బట్టి ఇది తేలదు. మాటను బట్టి చూస్తే నేను మనవడి వైపే.

పాత తిరపతి: అంటే ఒత్తు ఊరికే పుట్టుకొచ్చిందంటావా?

కొర్లగుంట కోడలు: ఈరోజు ఫాల్ తెచ్చుకునేదానికి పోయి ఆ బోర్డు దగ్గరికెళ్ళి చూసినాను. అక్షరాలన్నీ వెలిసిపోయిన నీలం. 'భ' కింద ఒత్తు మాత్రం కొత్త నీలం, కొసన రంగు కారి గట్టిపడింది కూడా. అంగడాయన్ని అడిగితే, "ఒత్తు పెడితే కొంచెం గొప్పగా ఉంటుందన్నాడమ్మా పెయింటరు, సరే పెట్టమన్నా" అన్నాడు.

పాత తిరపతి: ఏ అంగడి? మా బావమరిదిది కాదు కదా.