ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రిగ్రెషన్ టెస్టులు: ఫెయిలైనవి స్కిప్ చేసి రిలీజ్ చేయొచ్చా?

ప్రశ్న:

మా టీమ్, దూరంగా ఉన్న సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పోర్టబుల్ (లినక్స్ లాంటి సిస్టమ్‌ల కోసం ఉన్న) సోర్స్‌కి చిన్న ప్యాచ్ వేసి సొంతంగా బిల్డ్ చేసుకుంటుంది. లాగిన్ ఫెయిలైనప్పుడు లాగ్‌లో అదనంగా ఒక లైన్ రాయడమే దాని పని. ఇప్పుడు 9.6 నుంచి 9.8కి మారుతున్నాం. పాత పనులేవీ చెడలేదని చూసే రిగ్రెషన్ టెస్టులన్నీ నడిపే ‘మేక్ టెస్ట్స్’ నా ల్యాప్‌టాప్‌లో సాఫీగా పూర్తవుతోంది. బిల్డ్ సర్వర్‌లో మాత్రం మొట్టమొదటి ‘కనెక్ట్’ టెస్టే ‘పర్మిషన్ డినైడ్’ అని పడిపోతోంది. దాన్ని పక్కన పెడితే తర్వాతది పడిపోతోంది.

ఇంకో సమస్య, ప్యాచ్ కోసం మేమే రాసుకున్న టెస్ట్. తప్పు కీతో వరసగా లాగిన్ ప్రయత్నించి, ప్రతిసారీ మా లైన్ లాగ్‌లోకి వచ్చిందా అని చూస్తుంది. 9.6లో బాగా నడిచేది. 9.8లో మొదటి కొన్ని ప్రయత్నాల తర్వాత, కీ దాకా వెళ్లకుండానే కనెక్షన్ తెగిపోతోంది. ఇది రెండు మెషీన్లలోనూ అంతే.

ఫెయిలయ్యేవన్నీ స్కిప్ లిస్టులో పెట్టి రిలీజ్ చేసేయమని మా లీడ్ అంటున్నారు. సర్వర్లలోకి అందరూ వెళ్లేది దీంతోనే కదా, నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

మొదటి జవాబు:

బిల్డ్ సర్వర్‌లో ఒకేసారి రెండు జాబ్‌లు నడుస్తున్నాయేమో చూడండి. టెస్టులు మామూలుగా 4242 పోర్ట్ వాడతాయి. ‘టెస్ట్_ఎస్‌ఎస్‌హెచ్_పోర్ట్’ వేరియబుల్‌తో వేరే పోర్ట్ ఇచ్చి, ఏ టెస్టులు నడపాలో చెప్పే ‘ఎల్‌టెస్ట్స్’లో కనెక్ట్ ఒక్కటే పెట్టి నడపండి. అన్నీ నడుపుతూ కూర్చుంటే రోజంతా పోతుంది.

ప్రశ్న అడిగినవారు:

పోర్ట్ మార్చినా అంతేనండి.

రెండో జవాబు:

పోర్ట్ గొడవైతే కనెక్షన్ దగ్గరే తేడా వస్తుంది. ‘పర్మిషన్ డినైడ్’ అంటే సర్వర్ లేచింది, మాట్లాడింది, మీ కీని ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో క్లయింట్‌కి చెప్పదు, చెప్పకూడదు కూడా. రిగ్రెస్ డైరెక్టరీలో ఫెయిలైన టెస్టుకి సంబంధించిన ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు ప్రోగ్రామ్) లాగ్ విడిగా ఉంటుంది, అది తెరవండి. డైరెక్టరీ ఓనర్‌షిప్, మోడ్‌లు బాగాలేవని ఒక లైన్ కనిపిస్తుందని నా అనుమానం.

ఏ కీలతో లాగిన్ కానివ్వాలో రాసి ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌తో పాటు దాని పై డైరెక్టరీలన్నిటినీ, హోమ్ డైరెక్టరీ లేదా రూట్ డైరెక్టరీ దాకా, ఎస్‌ఎస్‌హెచ్‌డీ తనిఖీ చేస్తుంది. వాటిలో ఒక్కదానికి గ్రూప్ రైట్ పర్మిషన్ ఉన్నా కీని నమ్మదు. స్ట్రిక్ట్‌మోడ్స్ అంటే ఇదే. మీ ల్యాప్‌టాప్‌లో హోమ్ కిందే బిల్డ్ చేస్తుంటారు కాబట్టి తనిఖీ అక్కడితో ఆగుతుంది. బిల్డ్ సర్వర్‌లో వర్క్‌స్పేస్ ఎక్కడో పంచుకునే డైరెక్టరీలో, యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ హక్కులు తీసేయాలో చెప్పే సెట్టింగ్) 002తో, అంటే గ్రూప్‌కి రాసే హక్కు మిగిలేలా ఉండి ఉంటుంది. యూమాస్క్ 022 పెట్టి, గ్రూప్‌కి రాసే హక్కు లేని దారిలో కొత్తగా బిల్డ్ చేయండి. టెంప్ డైరెక్టరీలో వద్దు, అందులో ఎవరైనా రాయొచ్చు కాబట్టి అక్కడా ఇదే గొడవ. ‘టెస్ట్_ఎస్‌ఎస్‌హెచ్_అన్‌సేఫ్_పర్మిషన్స్’ అనే వేరియబుల్ కూడా ఉంది కానీ, అది టెస్టుల్లో ఈ తనిఖీనే ఆపేస్తుంది. నేనైతే వాడను.

మీ సొంత టెస్ట్ సంగతి వేరు. 9.8లో పర్‌సోర్స్‌పెనాల్టీస్ కొత్తగా వచ్చింది, అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. ఒకే అడ్రస్ నుంచి లాగిన్ ఫెయిలైన ప్రతిసారీ 5 సెకన్ల శిక్ష జమవుతుంది, మొత్తం 15 సెకన్లకు చేరాక ఆ అడ్రస్‌ను కాసేపు లోపలికే రానివ్వదు. మీ టెస్ట్ సరిగ్గా దాడి చేసేవాడిలాగే ప్రవర్తిస్తోంది, సర్వర్ సరిగ్గానే స్పందిస్తోంది! టెస్ట్ కాన్ఫిగ్‌లో మాత్రమే దాన్ని ఆపండి. ప్రొడక్షన్ కాన్ఫిగ్‌లోకి ఆ లైన్ రానీయకండి.

ఒక్క మాట, ల్యాప్‌టాప్‌లో అన్నీ పాసయ్యాయన్నారు. అవుట్‌పుట్‌లో ‘స్కిప్డ్’ అని వెతకండి. ‘సుడో’ వేరియబుల్ ఇవ్వకపోతే కీస్-కమాండ్ లాంటి టెస్టులు తమంతట తామే తప్పుకుంటాయి, అయినా చివర్లో అన్నీ పాస్ అనే వస్తుంది. సుడోతో నడిపితే ఎస్‌ఎస్‌హెచ్‌డీ రూట్‌గా, అంటే అన్ని హక్కులున్న యూజర్‌గా లేస్తుంది, అప్పుడు ప్రివిలేజ్ సెపరేషన్ (ప్రమాదమున్న పనిని తక్కువ హక్కులతో విడిగా నడపడం) కోసం ఖాళీ డైరెక్టరీ, ఎస్‌ఎస్‌హెచ్‌డీ యూజర్ కూడా ఉండాలి. పారేసినా పర్లేని వర్చువల్ మెషీన్‌లో నడపండి.

ప్రశ్న అడిగినవారు:

లాగ్‌లో మీరు చెప్పిన లైనే ఉందండి! యూమాస్క్ మార్చాక కనెక్ట్ పాసైంది, మిగతావీ వరసగా వెళ్తున్నాయి. పెనాల్టీ ఆపాక మా టెస్టూ పాసైంది. సుడోతో రాత్రికి నడుపుతాను. అంతా గ్రీన్ వస్తే రిలీజ్ చేసేయొచ్చా?

రెండో జవాబు:

దానికి ముందు ఒకటి చూడాలి. మీ ప్యాచ్ లాగ్ రాసేది అన్నారు కాబట్టే అడుగుతున్నాను.

టెస్టుల్లో లాగిన్-టైమౌట్ అని ఒకటి ఉంది. లాగిన్ పూర్తి చేయని కనెక్షన్‌ని గడువు దాటాక సర్వర్ వదిలేసి, కొత్త వాళ్లను రానిస్తోందా అని చూస్తుంది. మంచి టెస్ట్. కానీ ఆ గడువు తీరే క్షణంలో సిగ్నల్ హ్యాండ్లర్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి, వెంటనే నడిచే ఫంక్షన్) లోపల ఏం జరుగుతుందో దానికి తెలియదు. హ్యాండ్లర్‌లోంచి సిస్‌లాగ్ (లాగ్ రాసే ఫంక్షన్) పిలవడం వల్ల వచ్చిన రేస్‌ని, అంటే సగంలో ఆగిన పనితో అది తగువు పడే లోపాన్ని 2006లో సరిచేశారు. 2021 మార్చిలో వచ్చిన 8.5పీ1లో, లాగింగ్ కోడ్ సర్దుతుండగా ఆ రక్షణ జారిపోయింది. 2024 జులై 1న క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు బయటపెట్టేదాకా అలాగే ఉంది. గ్లిబ్‌సీ (సీ భాష ప్రాథమిక లైబ్రరీ) ఉన్న లినక్స్‌లో, లాగిన్ కాకుండానే రూట్‌గా కోడ్ నడిపే ప్రమాదం అది. సరిచేసింది మీరు వెళ్తున్న 9.8లోనే. అన్నేళ్లూ ఆ టెస్ట్ పాసవుతూనే ఉంది.

9.6లో గడువు తీరినప్పుడు హ్యాండ్లరే లాగ్ రాసేది. 9.8లో హ్యాండ్లర్ లాగ్ రాయకుండా ప్రాసెస్‌ను ముగిస్తుంది, లాగ్ పని లిజనర్ (కొత్త కనెక్షన్లను అందుకునే ప్రధాన ప్రాసెస్) చూసుకుంటుంది. మీ ప్యాచ్‌ని పాత సోర్స్ నుంచి తెచ్చేటప్పుడు, గడువు తీరడం కూడా లాగిన్ ఫెయిల్ కిందే లెక్కేసి హ్యాండ్లర్‌లో మీ లైన్ మళ్లీ పెట్టి ఉంటే, మూసిన రంధ్రం మీ బిల్డ్‌లో తిరిగి తెరుచుకుంటుంది. టెస్టులన్నీ గ్రీన్‌గానే ఉంటాయి.

మీ లైన్ రాసే ఫంక్షన్‌ని సోర్స్‌లో ఎక్కడెక్కడ పిలుస్తున్నారో గ్రెప్‌తో వెతికి జాబితా తీయండి. ఏదైనా సిగ్నల్ హ్యాండ్లర్ దారిలో ఉంటే అక్కడి నుంచి తీసేసి, లిజనర్ వైపుకు మార్చాకే రిలీజ్ చేయండి. ఆ జాబితా ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.