చలికి ముందు తేనెటీగలు చక్కెర పాకం ముట్టకపోతే: ఆశపెట్టి తాగించాలా, కారణం వెతకాలా?

తేనెగూడు:
నా మిగతా తేనెటీగల పెట్టెలన్నీ పాకం ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తున్నాయి. ఒక్క కాలనీ (ఒక పెట్టెలోని ఈగల కుటుంబం) మాత్రం పైన పెట్టిన ఫీడర్, అంటే పాకం పోసే పాత్ర, దగ్గరికే రావడం లేదు. పెట్టె వెనక వైపు ఎత్తి చూస్తే తేలిగ్గా లేస్తోంది, అంటే లోపల నిల్వ లేదు. పాకం అందరూ చేసేదే, తూకంలో రెండు పాళ్లు చక్కెర, ఒక పాలు నీళ్లు. రాత్రుళ్లు చలి మొదలైంది, నాకు టెన్షన్‌గా ఉంది. నిమ్మగడ్డి నూనె కలిపితే తాగుతాయని కొందరు, అసలు కలపొద్దని ఇంకొందరు అంటున్నారు. మీరేమంటారు?

రెక్కలచప్పుడు:
కలపండి. ఆ నూనెలో ఉండే సిట్రాల్, జెరానియాల్ కూలీ ఈగలు తోటివాటిని పిలవడానికి వదిలే వాసనలోనూ ఉంటాయి. ఒక్క చుక్క చాలు. ఫ్రేముల (తేనెపట్టు ఉండే చెక్క చట్రాల) పైకడ్డీల మీద గోరువెచ్చని పాకం కాస్త చిలకరించండి, అక్కడి నుంచి ఫీడర్‌కి దారి పడుతుంది. చలి ముంచుకొస్తుంటే కారణాలు వెతుక్కుంటూ కూర్చునే టైమ్ ఎక్కడుంది?

పుప్పొడి:
నేను ఒప్పుకోను. బయట మకరందం దొరకనప్పుడు ఆరోగ్యంగా ఉన్న కాలనీని పాకం తాగమని బతిమాలక్కర్లేదు. పక్క పెట్టెలు తాగుతూ ఇదొక్కటే తాగడం లేదంటే లోపల ఏదో తేడా ఉంది. వాసనతో పిలిస్తే ఆ తేడా పోదు.

తాగడం ఒక్కటే కాదు కదా పని. తెచ్చిన పాకంలో ఎంజైములు కలపాలి, రెక్కలతో విసిరి నీటి శాతం 20 కన్నా కిందికి దించాలి, ఆపైన మైనం మూత వేయాలి. దానికి చాలా ఈగలు కావాలి, వెచ్చదనం కావాలి. గుప్పెడు ఈగల చేత బలవంతంగా తాగించినా అది గదుల్లో పలచగానే ఉండి పులుస్తుంది.

ముందు పాకం చల్లగా ఉందేమో చూడండి. సుమారు 10 డిగ్రీల కన్నా చల్లబడితే ఈగలు దాన్ని దాదాపు ముట్టవు. ఫీడర్ లోపల గుమిగూడిన ఈగల గుంపుకి దూరంగా ఉన్నా చలిలో అంత దూరం నడిచి రావు. మూతకి సన్నని చిల్లులు పెట్టిన డబ్బాని సరిగ్గా గుంపు మీదే బోర్లించండి.

తర్వాత రాణి. గుడ్లు కనబడలేదని రాణి లేదనుకోకండి, చలి ముందు అది గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. రాణి కోసమే వెతకాలి. అన్నిటికన్నా నా అనుమానం తేనెటీగలకు పట్టే వరోవా నల్లి మీద. చలికాలం ఈగలు నెలల తరబడి బతకాలంటే ఒంట్లో కొవ్వు నిల్వ ఉండాలి, ఈ నల్లి తినేది దాన్నే. సుమారు 300 ఈగలను (రాణి అందులో పడకుండా) పొడి చక్కెరలో దొర్లించి, రాలిన నల్లుల్ని లెక్కపెట్టండి.

ఇంకోటి. ఆ నూనె వాసన పక్క పెట్టెలకీ తగులుతుంది. బలహీనమైన కాలనీని దోచుకోవడానికి అంతకు మించిన ఆహ్వానం లేదు.

రెక్కలచప్పుడు:
దోపిడీ భయం నిజమే. అందుకే సాయంత్రం పెట్టాలి, ద్వారం ఒకటి రెండు ఈగలు పట్టేంతకి తగ్గించాలి. కానీ పుప్పొడి గారూ, మీరు చెప్పిన పరీక్షలన్నీ అయ్యేసరికి అవి ఆకలితో చస్తే ఎవరికి లాభం?

పాతపెట్టె:
మీ ఇద్దరి వాదనా పాకం చుట్టూనే తిరుగుతోంది. పగలు కూడా చలిగా ఉంటే పాకం మానేయండి. గట్టి చక్కెర ముద్ద గుంపు మీదే పెట్టండి. ఆరబెట్టే పని ఉండదు కాబట్టి కావలసినప్పుడు కొంచెం కొంచెంగా తింటాయి. తెల్ల చక్కెరే వాడండి. బెల్లం, ముడి చక్కెర పెడితే చలిలో బయటికి వెళ్లలేక విరేచనాలతో పోతాయి. ఎక్కడిదో తెలియని తేనె అసలే వద్దు, ఫౌల్‌బ్రూడ్ (ఈగల పిల్లల్ని చంపే జబ్బు) బీజాలు అందులో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.

తేనెగూడు:
ఎండ కాసినప్పుడు తెరిచి చూశాను. రాణి ఉంది. ఈగలు మాత్రం చాలా తక్కువ, పిల్లలు అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. చక్కెరలో దొర్లిస్తే నల్లులు బాగా రాలాయి. బలమైన కాలనీతో కలిపేయనా?

పుప్పొడి:
ఇప్పుడే వద్దండి, నల్లుల్ని ఆరోగ్యంగా ఉన్నదాని మీదికి ఎక్కించినట్టవుతుంది. ముందు మందు వేయండి. పాతపెట్టె గారు చెప్పిన చక్కెర ముద్ద ఈ రోజే పెట్టండి. నల్లులు తగ్గాక రాణుల్లో ఒకదాన్ని తీసేసి, రెండు పెట్టెల మధ్యలో న్యూస్‌పేపర్ వేసి కలపండి, దాన్ని కొరుక్కుంటూ అవి మెల్లగా కలిసిపోతాయి.

రెక్కలచప్పుడు:
ముద్ద పెట్టడం వరకు సరే. మందు తర్వాత కూడా కలపొద్దనే అంటాను. ఇంత దెబ్బతిన్న ఈగలు చలికాలం దాటవు, వాటి కోసం బాగున్న కాలనీని కదిలించడం ఎందుకు?