ఎర్రముక్కు పురుగు పట్టిన కొబ్బరి: మీ తోటల్లో ఏం చేశారు?

అమలాపురం రైతు:
మా దొడ్డిలోని పదహారేళ్ల కొబ్బరి చెట్టుకు నెల రోజులుగా నడిమట్టలు పసుపుబారుతుంటే నీటి ఎద్దడి అనుకుని తడులు పెంచాను. మొన్నటి గాలికి మొవ్వు (చెట్టు తలలోని లేత చిగురు) ఒక పక్కకు వాలిపోయింది. మానుకు మనిషెత్తున ఉన్న రెండు రంధ్రాల నుంచి గోధుమరంగు జిగురు కారి ఎండింది, చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. పక్కనున్న పదకొండు చెట్లనైనా నిలబెట్టుకొనే దారి చెప్పగలరు.

ముమ్మిడివరం వాసి:
అది ఎర్రముక్కు పురుగేనండీ. మొవ్వు వాలాక ఆ చెట్టు మీద ఆశ వదులుకోవలసిందే. ఈ పురుగు గుడ్లు పెట్టడానికి చెట్టుకున్న గాయాలను వెతుక్కుంటుంది: ఎక్కడానికి కొట్టించిన గంట్లు, మానుకు ఆనించి నరికిన పచ్చిమట్టల మొదళ్లు, కొమ్ము పురుగు అనే మరో పురుగు మొవ్వులో తొలిచిన కన్నాలు. మా తోటలో గంట్లు కొట్టించింది నేనే కనుక తప్పు ఎవరి మీదా నెట్టలేను. మట్ట నరకవలసి వస్తే మూడు నాలుగడుగుల మొదలు వదిలేయండి. కొమ్ము పురుగు పెంటపోగుల్లోనూ కుళ్లిన దుంగల్లోనూ పెరుగుతుంది. 1996 నవంబరు తుపానుకు కూలిన మానులను మేము గట్టుల మీదే వదిలేసి, తర్వాత మిగిలిన చెట్ల మొవ్వుల్లో దాని ఫలితం చూశాము. కొమ్ము పురుగు రాకుండా లేత చెట్లకు పై మట్టల మొదళ్లలో మూడు నాలుగు కలరా ఉండలు పెట్టి ఇసుకతో కప్పి, 45 రోజులకొకసారి మార్చుతున్నాము.

దుబాయిలో ఉన్న రాజోలు వాసి:
నేను ఇక్కడ తోటపని చేస్తున్నాను. మన ప్రాంతంలో తాతల నాటి నుంచి ఉన్న ఈ పురుగే 1980ల మధ్యలో గల్ఫు దేశాలకు చేరి ఖర్జూరపు తోటలను పట్టింది. తర్వాత స్పెయిన్, ఇటలీ పట్టణాల్లో వీధుల వెంట పెంచిన ఈత జాతి చెట్లనూ కూల్చింది. పురుగు పట్టిన పిలకలను ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడమే అది పాకడానికి ముఖ్య కారణం. ఇక్కడ పురుగులను పట్టడానికి బకెట్లలో, వాటిని వాసనతో రప్పించే లింగాకర్షక ఎరతో పాటు పులిసిన ఖర్జూరం వేస్తారు. ఒక్క మాట: ఆ బకెట్టును లేత చెట్టుకు కట్టకండి, వాసనకు వచ్చిన పురుగు ముందు ఆ చెట్టునే చూసుకుంటుంది.

అమలాపురం రైతు:
నిన్న చెట్టు కొట్టించి మాను చీల్చాము. పీచును తాడులా చుట్టుకొన్న గూళ్లు ఇరవై మూడు లెక్కపెట్టాను, కొన్నింటిలో పురుగు కదులుతూనే ఉంది. అన్నిటినీ అక్కడికక్కడే కాల్చివేశాము. కాయల దింపు తీసే అతనికి ఇకపై గంట్లు కొట్టవద్దని చెబితే, అయితే నిచ్చెన మీరే తెచ్చుకోండి అన్నాడు, తెచ్చాను.